విమానం కాలికి పెద్ద టైరు

(సైన్సు పాఠం. రాసినది: 10వ తరగతి విద్యార్థి)

 

విమానం ఎలా ఎగురుతుంది అని పరీక్షలో అడిగితే రెక్కలు, గాలి, ఇంజను అని మనం జవాబు రాస్తాం. మార్కులు కూడా పడతాయి. కానీ విమానం ఎక్కడ దిగుతుంది అని ఎవరూ అడగరు. రన్‌వే మీద దిగుతుందని అందరికీ తెలుసు కదా! రన్‌వే అంటే నున్నటి పెద్ద రోడ్డు లాంటిది. మరి రన్‌వే లేని చోట, రోడ్డే లేని చోట, అంతా బురద, గులకరాళ్ళు, గడ్డిదుబ్బులు ఉన్న చోట విమానం దిగాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు రెక్కల్లో లేదు. టైర్లలో ఉంది. ఈ నెల గోడ పత్రికలో ఆ టైర్ల సంగతి చెబుతాను. మన 8వ తరగతి పీడనం పాఠం వస్తే చాలు, ఇదంతా అర్థమవుతుంది.

1. ఇది ఎక్కడి సంగతి?

ఉత్తర అమెరికా పటంలో ఎడమవైపు పై మూలన అలాస్కా అని ఉంటుంది. అమెరికా దేశం దాన్ని 1867లో రష్యా దగ్గర కొన్నది. 1959లో అది రాష్ట్రమైంది. అమెరికాలోని రాష్ట్రాలన్నిటిలోకీ అదే పెద్దది. కానీ జనం చాలా తక్కువ, రోడ్లు ఇంకా తక్కువ. దాని రాజధాని జూనోకి కూడా బయటి నుంచి రోడ్డు లేదు. పడవలో పోవాలి, లేదా విమానంలో పోవాలి. రాజధానికే అలా ఉంటే లోపలి పల్లెల మాట చెప్పక్కరలేదు. ఆ పల్లెల్లో ఉండేది ఎక్కువగా ఇనుపియాట్, యూపిక్, అథబాస్కన్ మొదలైన ఆదివాసీ జనం.

జాగ్రఫీలో టండ్రా అని చదువుకున్నాం గుర్తుందా? చెట్లు మొలవని చలి నేల. అక్కడ నేల లోపలి పొర ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. ఎండాకాలంలో పైపొర మాత్రం కరుగుతుంది. కరిగిన నీళ్ళు కిందికి ఇంకడానికి దారి లేదు, ఎందుకంటే కింద మంచు. అందుకని పైనేల స్పాంజిలాగా మెత్తగా, తడిగా ఉంటుంది. కాలు వేస్తే దిగబడుతుంది. అలాంటి చోట రోడ్డు వేయడం చాలా కష్టం, ఖర్చు.

అక్కడి విమానానికి కాలాన్ని బట్టి, చోటును బట్టి మూడు రకాల కాళ్ళు తొడుగుతారు. మంచు మీద దిగాలంటే స్కీలు అనే పొడుగాటి బద్దలు. సరస్సు మీద దిగాలంటే పడవల్లాంటి తేలియాడే కాళ్ళు. మంచు లేని కాలంలో నది ఒడ్డు గులకరాళ్ళ మీద, టండ్రా మీద దిగాలంటే పెద్ద పెద్ద మెత్తటి టైర్లు. వాటికి టండ్రా టైర్లని పేరు.

2. దిగడం ఎందుకంత ముఖ్యం?

1924 ఫిబ్రవరిలో కార్ల్ బెన్ ఐల్సన్ అనే పైలెట్ అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్ అనే ఊరికి విమానంలో టపా తీసుకెళ్ళాడు. కుక్కలు లాగే బళ్ళకు రెండు వారాల పైన పట్టే దారి అది. ఆయనకు మూడు గంటల లోపే అయిపోయింది. ఇంకేం, టపా కష్టాలు తీరాయని అందరూ అనుకున్నారు. కానీ ఆకాశంలో బాగానే పోయిన విమానం నేలకు దిగేటప్పుడు మళ్ళీ మళ్ళీ దెబ్బతిన్నది. తపాలా శాఖ ఆ ఏడాదే ఆ పని ఆపేసింది. చూశారా, ఎగరడం కుదిరింది, దిగడం కుదరలేదు.

మరుసటి సంవత్సరం, 1925 జనవరిలో, నోమ్ అనే ఊళ్ళో పిల్లలకు డిఫ్తీరియా వచ్చింది. మనం దాన్ని కంఠసర్పి అంటాం. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు. మందు కావాలి. ఆ మందు ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానంలో పంపుదామా అని ఆలోచించారు. ఉన్న విమానాలేమో చలికాలమని విప్పి భద్రపరిచి ఉన్నాయి. వాటిలో పైలెట్ కూర్చునే చోటుకు పైకప్పు కూడా లేదు. ఆ చలిలో కుదరదని చివరికి కుక్కల బళ్ళే కట్టారు. 20 మంది బండివాళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ సుమారు 1,085 కిలోమీటర్ల దారిని అయిదున్నర రోజుల లోపు దాటించి, ఫిబ్రవరి 2న మందు అందించారు. వాళ్ళలో చాలామంది అక్కడి ఆదివాసులే.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, రోడ్డు లేని ఊరికి మందు ఎంత త్వరగా చేరుతుందనేదే అక్కడ ప్రాణం సంగతి. డోలీలో మనిషిని మోసుకుని దిగే ఊళ్ళ నుంచి వచ్చిన మనకు ఇది విడమరచి చెప్పక్కరలేదు.

3. బరువు వేరు, పీడనం వేరు

ఇప్పుడు అసలు పాఠం. నేల బరువును బట్టి కుంగదు. పీడనాన్ని బట్టి కుంగుతుంది.

పీడనం = బలం ÷ వైశాల్యం

దీన్ని నేను నా పాదంతోనే కొలిచి చూశాను. మీరూ చేయండి. గ్రాఫు కాగితం నేల మీద పరిచి, పాదం పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీయండి. తరువాత గళ్ళు లెక్కపెట్టండి. అరికాలు మధ్యలో నేలకు ఆనని వంపు ఉంటుంది, దాన్ని తీసేయండి. నాకు 120 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. నా బరువు 42 కిలోలు. ఒంటికాలి మీద నిలబడితే:

42 ÷ 120 = 0.35

అంటే నా ఒంటి పాదం కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీద 0.35 కిలోల బరువు పడుతుందన్నమాట. రెండు కాళ్ళ మీద నిలబడితే అందులో సగం. మడమ ఒక్కటే ఆనిస్తే ఎన్నో రెట్లు. వాన పడినప్పుడు కుళాయి దగ్గర బురదలో మడమ మీద నిలబడండి, తరువాత అదే చోట ఒక పలక పరిచి దాని మీద నిలబడండి. మనిషి అదే, బరువు అదే. మడమ దిగబడుతుంది, పలక దిగబడదు. ఈ 0.35 అనే అంకెను మాత్రం గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

4. విమానం కాలి అడుగు ఎంత?

అలాస్కాలో బాగా పేరున్న చిన్న విమానం పైపర్ సూపర్ కబ్. 1949లో వచ్చింది. ఇనుప గొట్టాల చట్రం మీద గుడ్డ బిగించి చేస్తారు. ఒకరి వెనుక ఒకరు ఇద్దరు కూర్చోవచ్చు. మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలిపి 794 కిలోలు దాటకూడదు. దిగేటప్పుడు వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లే. ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. బరువులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. లెక్క తేలికగా ఉండటానికి ఒక్కో ముందు చక్రం మీద 350 కిలోలు అనుకుందాం.

గాలి టైరులో ఒక చిత్రం ఉంది. లోపల గాలి ఎంత పీడనంతో ఉంటుందో, టైరు నేలను సుమారుగా అంతే పీడనంతో నొక్కుతుంది. గాలి తగ్గిస్తే టైరు ఇంకొంచెం చదునై, ఎక్కువ చోటు ఆక్రమించి, అదే బరువును మోస్తుంది. టైర్ల షాపువాళ్ళు 30 పాయింట్లు, 40 పాయింట్లు అంటారు చూడండి, అది చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అనే లెక్క. ఒక పాయింటు అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.07 కిలోలు.

టైరులో 25 పాయింట్ల గాలి ఉంటే: 25 × 0.07 = 1.75. నేలకు ఆనే వైశాల్యం 350 ÷ 1.75 = 200 చదరపు సెంటీమీటర్లు. మన నోటుబుక్కు పేజీలో సగం కంటే కాస్త ఎక్కువ.

పెద్ద టైరు తొడిగి 5 పాయింట్ల గాలే ఉంచితే: 5 × 0.07 = 0.35. వైశాల్యం 350 ÷ 0.35 = 1000 చదరపు సెంటీమీటర్లు. అంటే నోటుబుక్కు పేజీలు మూడు పరిచినంత.

0.35 ఎక్కడో చూశాం కదూ! ఒంటికాలి మీద నిలబడిన 42 కిలోల పిల్లవాడు నేలను ఎంత నొక్కుతాడో, పెద్ద టైర్ల మీద నిలబడిన విమానం కూడా అంతే నొక్కుతుంది. నేను నడవగలిగిన నేల మీద విమానం కూడా నిలబడగలదన్నమాట. ఈ లెక్క చేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. (టైరు రబ్బరుకు కూడా కొంత బిగువు ఉంటుంది కాబట్టి ఈ అంకెలు సుమారు అంకెలే. కానీ దారి సరైనదే.)

మరి ఉన్న చిన్న టైరులోనే గాలి తగ్గిస్తే పోదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. చిన్న టైరులో గాలి తీస్తే అది పూర్తిగా నలిగి, రిమ్ము వచ్చి నేలకు కొట్టుకుంటుంది. గాలి లేని సైకిలు తొక్కిన వాళ్ళకు తెలుసు. గాలి తక్కువ ఉంచాలంటే టైరు పెద్దదై ఉండాలి. మామూలు టైరు ఎత్తు సుమారు 18 అంగుళాలు. టండ్రా టైర్లు 26, 29, 31, 35 అంగుళాల దాకా ఉంటాయి. రిమ్ము మాత్రం 6 అంగుళాలదే సరిపోతుంది. చూడటానికి పెద్ద గారెలాగా, మధ్యలో చిన్న చిల్లి, చుట్టూ లావుపాటి రబ్బరు.

5. రాయి ఎదురొస్తే?

మెత్తదనం ఒక్కటే చాలదు. నది ఒడ్డున రాళ్ళుంటాయి. ఎడ్లబండి చక్రం అంత పెద్దగా ఎందుకు చేస్తారో తాతలకు తెలుసు. చిన్న చక్రానికి రాయి గోడలాగా అడ్డం వస్తుంది. పెద్ద చక్రానికి అదే రాయి మెట్టులాగా ఉంటుంది.

10 సెంటీమీటర్ల ఎత్తున్న రాయిని ఆనుకుని చక్రం ఆగి ఉందనుకోండి. దాన్ని ఎక్కించడానికి ఇరుసు దగ్గర ఎంత బలంతో తోయాలి? పైథాగరస్ సిద్ధాంతంతో లెక్క కట్టొచ్చు. 18 అంగుళాల చక్రమైతే దాని మీదున్న బరువుకు ఒకటిన్నర రెట్లు బలం కావాలి. 31 అంగుళాల చక్రమైతే బరువులో 90 శాతం చాలు. పైగా ఇది గట్టి చక్రానికి లెక్క. మెత్తటి టైరు రాయిని తనలోకి నొక్కుకుని, మింగినట్టు మింగి దాటిపోతుంది.

ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. ఈ విమానంలో ముందు చక్రాలు గరిమనాభికి ముందు ఉంటాయి. చక్రం గుంటలో దిగబడితేనో, రాయికి తట్టుకుంటేనో జడత్వం వల్ల తోక లేస్తుంది, ముక్కు నేలకు కొట్టుకుంటుంది, విమానం వెల్లకిలా పడుతుంది. సైకిలు ముందు బ్రేకు గట్టిగా పడితే మనం హ్యాండిలు మీంచి ఎగిరి పడినట్టే.

పెద్ద టైరుతో ఇంకో లాభం ఉంది. ముక్కు పైకి లేస్తుంది. ముందున్న పంకా నేలకు ఎత్తుగా ఉండి రాళ్ళ దెబ్బ తప్పించుకుంటుంది. రెక్కలు గాలికి ఎక్కువ కోణంలో ఉండటం వల్ల తక్కువ దూరంలోనే లేవడానికి సాయమవుతుంది.

6. మన పొలంలోకి వచ్చిన విమానం టైరు

ఈ ముక్క చదివి నాకే ఆశ్చర్యం వేసింది. మొదట్లో ట్రాక్టర్లకు పళ్ళున్న ఇనుప చక్రాలు ఉండేవి. 1930ల మొదట్లో అమెరికాలో అల్లిస్ చామర్స్ అనే కంపెనీ ట్రాక్టరుకు ఫైర్‌స్టోన్ కంపెనీ విమానం టైర్లు తొడిగి, అందులో 15 పాయింట్ల గాలి మాత్రమే ఉంచి పొలంలో నడిపి చూశారు. బాగా నడిచింది. 1932లో రబ్బరు టైర్ల ట్రాక్టరు అమ్మకానికి వచ్చింది. ఇవాళ దుక్కి దున్నే ట్రాక్టరు వెనుక టైర్లు చూస్తే అవి విమానం టైర్లకు తమ్ముళ్ళని గుర్తుంచుకోండి. సూత్రం ఒక్కటే.

7. ఊరికే ఏదీ రాదు

ఇంత మంచిదైతే అన్ని విమానాలకూ ఎందుకు తొడగరు? ప్రతి లాభానికీ ఒక నష్టం ఉంది.

మొదటిది: పెద్ద టైరు బరువెక్కువ. గాలికి అడ్డం కూడా ఎక్కువ. వేగం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

రెండవది: బ్రేకు బలం తగ్గుతుంది. బ్రేకు తిప్పే బలం అంతే ఉండి వ్యాసార్థం పెరిగితే నేల దగ్గర ఆపే బలం తగ్గిపోతుంది. 18 అంగుళాల టైరు నుంచి 31కి మారితే పాత బలంలో 58 శాతమే మిగులుతుంది. అందుకే టైర్లతో పాటు గట్టి బ్రేకులు కూడా వేయాలి.

మూడవది: నీళ్ళు. రన్‌వే మీద నీళ్ళు నిలిచి ఉంటే ఒక వేగం దాటిన టైరు నేలను తాకకుండా నీళ్ళ మీద తేలిపోతుంది. అప్పుడు బ్రేకు పట్టదు. నాసా వాళ్ళు దీనికి సులువైన లెక్క కనిపెట్టారు. టైరులో ఉన్న పాయింట్లకు వర్గమూలం కట్టి 9తో హెచ్చించాలి. వచ్చేది నాట్లలో వేగం. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 25 పాయింట్లకు: 9 × 5 = 45 నాట్లు, అంటే గంటకు 83 కిలోమీటర్లు. 5 పాయింట్లకు: సుమారు 20 నాట్లు, గంటకు 37 కిలోమీటర్లు. మన విమానం దిగేది 70తో. గట్టి టైరు నేలను పట్టుకుంటుంది. మెత్తటి టైరు తేలిపోతుంది. బురదలో కాపాడిన మెత్తదనమే తడి రన్‌వే మీద శత్రువైంది చూడండి.

నాల్గవది: తారు. గరుకు రోడ్డు మీద మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది.

అయిదవది: ట్యూబు. గాలి తక్కువైతే టైరు రిమ్మును గట్టిగా పట్టుకోదు. బ్రేకు వేసినప్పుడు టైరూ ట్యూబూ కలిసి జారతాయి, వాల్వు మాత్రం రిమ్ము చిల్లిలో ఇరుక్కుని తెగుతుంది. అందుకని అలాస్కన్ బుష్‌వీల్ అనే రకం టైరుకు ట్యూబే లేకుండా చేసి, వాల్వును టైరు పక్క గోడలో పెట్టారు. టైరు జారితే వాల్వు కూడా దానితోనే జారుతుంది, తెగదు. ఎంత చిన్న ఆలోచన! కానీ అడవి మధ్యలో టైరు పోతే పంక్చరు షాపు ఎక్కడుంది?

8. టైరు పెద్దదైతే ధైర్యం పెద్దది కాకూడదు

అమెరికాలో ఇష్టమొచ్చిన టైరు తొడిగి ఎగిరిపోనివ్వరు. విమానంలో ఇలాంటి పెద్ద మార్పు చేయాలంటే అక్కడి విమానయాన శాఖ ఆమోదం ఉండాలి. ఫలానా విమానానికి ఫలానా టైరు అని కాగితం ఉంటుంది.

పైలెట్ కూడా చూసిన వెంటనే దిగిపోడు. ముందు పైనుంచి ఒకటి రెండు చుట్లు తిరిగి చూస్తాడు. గాలి ఎటు వీస్తోంది, రాళ్ళెంత, కొయ్యలున్నాయా, తిరిగి లేవడానికి చోటుందా. తరువాత ఇంజను ఆపకుండా, బరువంతా రెక్కల మీదే ఉంచి, చక్రాలను నేలకు అలా తాకించి మళ్ళీ లేస్తాడు. నేల మెత్తనా గట్టిదా అని పాదంతో తడిమి చూసినట్టు. వాగు దాటేముందు మన పెద్దవాళ్ళు కర్రతో లోతు చూస్తారే, అలాగ. దిగడం తేలికై, లేవడం కష్టమైన చోట్లు చాలా ఉంటాయి. అలాంటి చోట దిగకుండా వెనక్కి పోయేవాడే మంచి పైలెట్.

ఇంకో నిజం చెప్పాలి. పెద్ద టైర్ల విమానం రన్‌వేకి బదులు కాదు. ఇద్దరు కూర్చునే విమానంలో ఎంతమంది రోగులను తెస్తారు? అందుకే అలాస్కా పల్లెల్లో చాలావాటికి కంకర రన్‌వేలు వేశారు, పెద్ద విమానాలు వాటి మీద దిగుతాయి. ఆ రన్‌వే కూడా లేని నది ఒడ్డుకు, చేపల వేట గుడారానికి, అడవి జంతువులను లెక్కపెట్టే చోటుకు పెద్ద టైర్లు పనికొస్తాయి. వాతావరణం బాగాలేకపోతే ఏ విమానమూ రాదు. అందుకని 1968 నుంచి ఊళ్ళోవాళ్ళకే వైద్యంలో శిక్షణ ఇచ్చి అక్కడే ఉంచే పద్ధతి కూడా పెట్టుకున్నారు. టైరు, రన్‌వే, ఊళ్ళో చదువుకున్న మనిషి, మూడూ కావాలి.

9. ముగింపు

మామూలుగా మనుషులు బండికి తగ్గట్టు నేలను మారుస్తారు. కొండ తవ్వి, కంకర పోసి, తారు వేస్తారు. అది జరగని చోట నేలకు తగ్గట్టు బండిని మార్చారు. "రోడ్డు లేదు కాబట్టి రాలేం" అన్న మాటకు ఎవరో కూర్చుని, పీడనం పాఠం చదివి, టైరులో గాలి తగ్గించి జవాబు చెప్పారు. మనం చిన్న పాఠం అని తిప్పేసే పేజీలో ఒక ఊరి ప్రాణం ఉండొచ్చు. అందుకే మిత్రులారా, లెక్క వచ్చినప్పుడు వదలకండి. మన ఊళ్ళ నేలకు తగిన బండి ఏదో మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఆలోచించండి (జవాబులు గోడ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి):

అ) మీ పాదం పీడనం ఎంత? మడమ ఒక్కటే ఆనిస్తే ఎంత?

ఆ) టైరులో 9 పాయింట్ల గాలి ఉంటే నీళ్ళ మీద ఎన్ని నాట్ల వేగంలో తేలుతుంది?

ఇ) నేలలో దిగబడకూడదని విమానానికి వెడల్పు టైరు తొడిగారు. మరి నాగలి కర్రు ఎందుకు సన్నగా చేస్తారు?

సెలవు.